రాజుగారికి ఐదున్నర మార్కులు

“మీకసలు దేవుడంటూ ఎవరైనా ఉన్నాడా మేడం?”

నిరుడు అక్టోబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం షాంటిలీలో ఒక కాథలిక్ చర్చి పార్కింగ్ లాట్‌లో, జోజిరెడ్డి అనే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ ఛాయాదేవిని అడిగిన ప్రశ్న ఇది. ఆమె అప్పుడు కారు డిక్కీలో వైట్‌బోర్డు పెట్టుకుంటోంది. బోర్డు పొడవు ఎక్కువ, డిక్కీ చిన్నది. ప్రతివారం వెనక సీటు మడిచి ఏటవాలుగా దూర్చాల్సిందే. బోర్డు పూర్తిగా లోపలికి వెళ్ళేదాకా ఆమె జవాబు చెప్పలేదు.

“పేపర్లు దిద్దేటప్పుడు ఎవరూ ఉండరండీ,” అంది.

జోజిరెడ్డికి ఇది తలపొగరుగా వినిపించింది. నిజానికి అందులో పొగరూ లేదు, వేదాంతమూ లేదు. ఛాయాదేవి చెప్పింది తన పాత ఉద్యోగంలోని ఒక రూలు.

ఆ ఉద్యోగం ఏలూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఛాయాదేవి సొంతూరు తణుకు. చరిత్రలో ఎం.ఏ., తర్వాత బి.ఎడ్., ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళపాటు సోషల్ టీచర్. పాఠం చెప్పడంలో ఆమె గొప్పదని ఎవరూ అనలేదు. గొంతు చిన్నది, జోకులు రావు. ఆమెకి పేరొచ్చింది వేసవిలో, స్పాట్ వాల్యుయేషన్‌లో. పదో తరగతి పబ్లిక్ పరీక్షల పేపర్లని జిల్లా కేంద్రంలో ఏదో ఒక బడిలో కట్టలు కట్టలుగా పోసి, టీచర్లని బెంచీల మీద కూర్చోబెట్టి దిద్దించే పని అది. ఫ్యాను తిరిగితే అదృష్టం. టీచర్లలో సగంమంది డాక్టర్ సర్టిఫికెట్లు తెచ్చుకుని తప్పించుకునేవాళ్ళు. ఛాయాదేవి మాత్రం డ్యూటీ పడితే సంతోషించేది.

కారణం ఒకటే. స్పాట్‌లో పేపర్ మీద పేరుండదు. పేరున్న ముక్కని ముందే చింపేసి, దాని బదులు ఒక నంబరు వేస్తారు. రాసింది ఎమ్మెల్యేగారి మేనల్లుడా, బడి ముఖం నెలకోసారి చూసే పిల్లవాడా అన్నది దిద్దేవాళ్ళకి తెలియదు, తెలియకూడదు. మార్కులన్నీ కూడి, ఇంకొకరు ఆ కూడిక సరిచూసి, లెక్క తేలాక అప్పుడు పేరూ నంబరూ కలుస్తాయి. పేరు ముందు తెలిస్తే మార్కు వంకరపోతుందని ఛాయాదేవి నమ్మకం. బడిలో తనకిష్టమైన పిల్లల యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దినప్పుడు తన చెయ్యే వంకరపోవడం ఆమె చూసుకుంది. ఇది ఆమె మతం అని రాయొచ్చు. అంత పెద్ద మాట అక్కర్లేదు, అలవాటు.

భర్త రఘువీర్ నెట్‌వర్క్ ఇంజనీర్. అతనికి వర్జీనియాలో ఉద్యోగం వచ్చినప్పుడు ఛాయాదేవి జీతం లేని సెలవు పెట్టింది, రెండుసార్లు పొడిగించింది, చివరికి రాజీనామా పంపింది. అమెరికాలో మొదటి మూడేళ్ళు పని చెయ్యడానికి పర్మిట్ లేదు. పర్మిట్ వచ్చాక దొరికిన పని ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్ కౌంటర్. అక్కడే ఒకరోజు ఒక తల్లి, కందిపప్పూ గోంగూరా స్కాన్ అవుతుండగా, కొడుక్కి స్కూల్లో ఎస్సే రాయడం రావట్లేదని ఫోన్‌లో ఎవరికో చెప్పుకుని వాపోయింది. ఛాయాదేవి బిల్లు చేతికిస్తూ, “శనివారం పంపించండి, చూస్తాను,” అంది. షాంటిలీలో లెక్కల క్లాసులు వీధికొకటి ఉన్నాయి. పది వాక్యాలు తిన్నగా రాయడం నేర్పే దిక్కు లేదు. ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క పిల్లవాడు పద్నాలుగు మందయ్యాడు. అందరూ తెలుగు పిల్లలే, ఆరు నుంచి ఎనిమిదో గ్రేడ్. వాళ్ళు ఆమెని టీచర్ ఆంటీ అనేవాళ్ళు. ఆమె కౌంటర్ పని మానేసింది.

పద్నాలుగు మంది రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో పట్టరు. అప్పుడు ఆదుకున్నది జోజిరెడ్డే. అతని కొడుకు ఆర్యన్ ఆ క్లాసులో ఉన్నాడు. జోజిరెడ్డిది గుంటూరు దగ్గర ఫిరంగిపురం, తరాలనాటి కాథలిక్ కుటుంబం, ఇక్కడ చర్చి కమిటీలో మెంబరు. అతను మాట్లాడి చర్చి హాలు పక్కనున్న గదిని శనివారాలు ఇప్పించాడు. అద్దె లేదు, డిపాజిట్ మాత్రం కట్టాలి. గది పోతే క్లాసు పోతుంది, క్లాసు పోతే మళ్ళీ కౌంటరే. ఈ లెక్క ఛాయాదేవికి బాగా తెలుసు. తెలిసే ఆ అక్టోబర్‌లో ఆ పేపర్ పంచింది.

పేపర్ సంగతి చెప్పాలంటే కాస్త ఇంగ్లాండ్ వెళ్ళాలి.

ఎనిమిదో హెన్రీ పెళ్ళి గొడవల్లో పోప్‌తో తెగతెంపులు చేసుకున్న సంగతి స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. అతని కొడుకు ఎడ్వర్డ్‌ని పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. తొమ్మిదేళ్ళకి సింహాసనం ఎక్కాడు, పదిహేనేళ్ళకి చనిపోయాడు. రాజ్యం మొదట మేనమామ చేతిలో ఉండేది. పదకొండేళ్ళప్పుడు ఈ పిల్లవాడు పోప్ అధికారాన్ని ఖండిస్తూ ఫ్రెంచిలో ఒక చిన్న గ్రంథం రాసి మేనమామకి అంకితమిచ్చాడు. తండ్రిది పోప్‌తో ఆస్తి తగాదాలాంటిది, కొడుకుది నమ్మకం. క్రైస్తవ సంఘానికి తల క్రీస్తు, రోమ్‌లో కూర్చున్న బిషప్ కాదు. పరలోకపు తాళంచెవులు, పోప్‌లు తమ మొదటివాడని చెప్పుకునే పేతురొక్కడికే క్రీస్తు ఇవ్వలేదు, అపొస్తలులందరికీ, అంటే ముఖ్య శిష్యులందరికీ ఇచ్చాడు. ఆ పేతురుని పౌలు ముఖం మీదే తప్పుపట్టాడు కదా, ఇంక పెద్దరికం ఎక్కడిది? ఇలా నడిచి, చివరికొచ్చేసరికి పోప్ సాక్షాత్తు సైతాను కొడుకు, చెడ్డవాడు, క్రీస్తు విరోధి, అసహ్యమైన నిరంకుశుడు అని ముగుస్తుంది. రాతప్రతి నిండా ఫ్రెంచి పంతులు దిద్దిన దిద్దుబాట్లున్నాయి. ఒకరకంగా రాజుగారి హోంవర్క్ అది.

ఛాయాదేవి ఒక పాత ఇంగ్లీషు అనువాదంలోంచి పేజీన్నర తీసుకుని, పాతబడిన మాటలు మార్చి టైపు చేసింది. మేనమామ ఉన్న వాక్యం తీసేసింది, రాజ్యం ఉన్న వాక్యం తీసేసింది. స్పాట్‌లో పేపర్ రాసినవాడి ఆనవాలు కనిపించకూడదు. ఆ రూలు ప్రకారమే చేసింది. అలా చేశాక మిగిలినది, ఏ కాలానికీ ఏ దేశానికీ చెందని, ఎవరో ఒక కోపిష్టి పిల్లో పిల్లవాడో రాసిన ఎస్సే. అడుగున పేరు రాసి, కాగితం మడిచి, పిన్ను కొట్టింది. పైన 1107 అని నంబరు వేసింది.

“మీ వయసు వాళ్ళు ఒకరు రాశారు. పదికి మార్కులు వెయ్యండి. ఎందుకు వేశారో, ఎందుకు కట్ చేశారో రాయండి. వచ్చే శనివారం తేవాలి. పిన్ను ఎవరూ తియ్యకూడదు,” అని చెప్పింది.

“ఎవరు రాసింది ఆంటీ?” అన్నాడు ఆర్యన్.

“టోటలింగ్ అయ్యాక చెబుతా.”

“మన క్లాసేనా?”

“టోటలింగ్ అయ్యాక.”

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

మర్నాడు ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి, ఇడ్లీ తింటూ, కొడుకు పుస్తకాల మధ్య ఆ కాగితాన్ని జోజిరెడ్డి చూశాడు. చివరి పేరా రెండుసార్లు చదివాడు. చర్చివాళ్ళు ఇచ్చిన గదిలో, తను పూచీపడి ఇప్పించిన గదిలో, పోప్‌ని సైతాను కొడుకనే కాగితం. “ఎవర్రా రాసింది?” అని అడిగాడు. ఆర్యన్ ఫోన్ తీసి క్లాసులో పిల్లల గ్రూప్‌లో అడిగాడు. నువ్వేనా రిషితా అని ఎవరో అన్నారు. జవాబు రిషిత దగ్గర్నుంచి వచ్చింది, ఇంగ్లీషులో, ఒకే ఒక్క ముక్క: యా.

రిషితకి పన్నెండేళ్ళు. తల్లి కరుణ ఫెయిర్‌ఫాక్స్‌లో నర్సు. వాళ్ళది రేపల్లె, పోప్‌ని ఒప్పుకోని లూథరన్ కుటుంబం. రిషితకి ఛాయాదేవి దగ్గర ఎప్పుడూ నాలుగు దాటి మార్కులు రాలేదు. ఆ పేపర్ చదివి ఆ పిల్ల పదికి తొమ్మిది వేసింది. అంత బాగా రాసింది తనే అని ఎవరో అనుకుంటున్నారని తెలిశాక కాదనబుద్ధి కాలేదు. అబద్ధం ఆడాలని ఆడలేదు, పొగడ్తని వెనక్కి పంపలేకపోయింది. ఫలితం మాత్రం అబద్ధమే.

సాయంత్రానికి పెద్దల వాట్సాప్ గ్రూప్‌లో ఆ కాగితం ఫొటో వచ్చింది. సోమవారం పొద్దున్నే జోజిరెడ్డి ఛాయాదేవికి ఫోన్ చేశాడు.

“మేడం, ఆ పిల్లకి పన్నెండేళ్ళు. పన్నెండేళ్ళ పిల్లకి పోప్ గారి మీద అంత కసి ఎక్కణ్ణుంచి వచ్చుద్దండీ? ఇంట్లో నూరిపోస్తే తప్ప రాదు.”

“మంచి పాయింటండీ,” అంది ఛాయాదేవి. ఆమె నిజంగానే అంది. పక్కనున్న తన కాపీలో, మార్జిన్‌లో, ఇంట్లో విన్నది అని రాసుకుంది కూడా.

జోజిరెడ్డికి ధైర్యం వచ్చింది. “అయితే ఒప్పుకున్నట్టే గదా. ఆ పిల్ల చేత సారీ చెప్పించండి. చాలు.”

“ఎవరు రాశారో నేను ఇంకా చెప్పలేదండీ.”

“ఆ పిల్లే చెప్పింది మేడం!”

“శనివారం చెబుతాను. వాల్యుయేషన్ అవ్వాలి.”

“వాల్యుయేషన్ ఏందండీ, ఇదేమన్నా పబ్లిక్ పరీక్షా?”

“మీ ఆర్యన్ ఎన్ని వేశాడో మీరు చూడకండి. ఒత్తిడి చెయ్యకూడదు,” అని ఆమె ఫోన్ పెట్టేసింది. ఆరోజే జోజిరెడ్డి చర్చి ఆఫీసుకి ఒక ఈమెయిల్ పంపాడు. ఫలానా గదిలో పిల్లలకి ఏం బోధిస్తున్నారో పరిశీలించమని.

ఇక్కడ ఒక సంగతి దాటేసి పోవడం మర్యాదగా ఉంటుంది కానీ, దాటేస్తే కథ అబద్ధమవుతుంది. గుంటూరు జిల్లాలో కాథలిక్కుల వీధికీ లూథరన్ల పేటకీ మధ్య ఉన్న గోడని పోప్ కట్టలేదు, లూథర్ కట్టలేదు. బాప్తిస్మాలకి ముందునుంచే ఆ గోడ ఉంది. పై కులాల్లో కొందరు ఒక మిషన్‌లో చేరారు, ఊరి చివర ఉంచబడ్డవాళ్ళు ఇంకో మిషన్‌లో చేరారు. రెండువైపులా ఒకటే శిలువ వేలాడదీశారు, గోడ మాత్రం తియ్యలేదు. ఇంట్లో నూరిపోస్తారు, సారీ చెప్పాలి అని జోజిరెడ్డి పెద్దల గ్రూప్‌లోనూ అన్నప్పుడు, ‘వాళ్ళ’ ఇంట్లో అన్న మాట అతను పైకి అనలేదు. కరుణకి ఆ మాట వినిపించింది. ఇలాంటివి వినడంలో ఆమెకి తరాల అనుభవం ఉంది.

మంగళవారం కరుణ ఫోన్.

“మేడం, మా రిషిత రాసిందంట గదా. ఫస్ట్ నేను భయపడ్డా. తర్వాత కూర్చుని చదివా. తప్పేం రాసింది చెప్పండి? ప్రతి మాటకీ బైబిల్ వాక్యం ఉంది. అచ్చం మా తాత ప్రసంగం లాగుంది. ఆయన పోయినప్పుడు ఇది పుట్టనేలేదు.”

“చివరి పేరా కూడా మీ తాతగారిదేనా?”

“చివర్లో కొంచెం జోరెక్కువైంది. అది మా అమ్మ పోలిక.” కరుణ నవ్వి, వెంటనే గొంతు మార్చింది. “సారీ మాత్రం చెప్పదు మేడం. ఆయనగారి గది గనక ఆయన ఇష్టమా? ఊళ్ళో అట్టాగే అన్నారు, ఇక్కడా అదేనా?”

“శనివారం రండి, వెనక కూర్చోండి,” అంది ఛాయాదేవి.

బుధవారం సాయంత్రం రఘువీర్ భోజనం ముందు కూర్చుని అన్నాడు: “గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టు. రాసింది ఇంగ్లాండ్ రాజు, చచ్చిపోయి ఐదొందల ఏళ్ళు కావొస్తోంది, అందరూ పడుకోండి అని.”

“టోటలింగ్ అవ్వలేదు.”

“ఇది ఏలూరు స్పాట్ కాదు ఛాయా. గది పోతుంది.”

“ఇప్పుడు చెబితే పిల్లలు రాజుకి వేస్తారు మార్కులు. పేపర్‌కి వెయ్యరు.”

“వేస్తే వెయ్యనీ. గది ఉంటుంది.”

“అయితే శనివారం వాళ్ళకి నేనేం నేర్పినట్టు?”

రఘువీర్ పెరుగు కలుపుకున్నాడు. ఆ ఇంట్లో చర్చ ముగిసిందనడానికి గుర్తు అది.

రిషిత పరువు కాపాడడానికే ఆమె నోరు మెదపలేదని తర్వాత ఒకరిద్దరు తల్లులు చెప్పుకున్నారు. వినడానికి బాగుంటుంది, నిజం కాదు. రిషిత చెప్పింది అబద్ధమని ఛాయాదేవికి సోమవారమే తెలుసు. దాన్ని గురించి ఆమె ప్రత్యేకంగా బాధపడిన దాఖలా లేదు. రూలు రూలే, అంతే. మొండితనానికి మంచితనం పేరు పెట్టడం మనవాళ్ళకి మహా సరదా.

శనివారం పద్నాలుగు మందీ వచ్చారు. వెనక గోడకి ఆనించిన మడత కుర్చీల్లో ఒక చివర జోజిరెడ్డి, ఇంకో చివర కరుణ. మధ్యలో ఆరు కుర్చీలు ఖాళీ.

ఛాయాదేవి బోర్డు మీద మార్కులు రాయించింది. ఆర్యన్ రెండు వేశాడు.

“ఎందుకు కట్ చేశావ్?”

“డాడీ జీరో వెయ్యమన్నాడు ఆంటీ. కానీ స్పెలింగ్ అన్నీ కరెక్ట్ ఉన్నాయి. సో రెండు.”

వెనక కుర్చీ కిర్రుమంది. హాసిని అనే అమ్మాయి ఏడు వేసింది. “ఎవిడెన్స్ గుడ్ ఉంది ఆంటీ. ఎండింగ్‌లో మీన్‌గా మాట్లాడింది, అందుకే త్రీ కట్ చేశా.” రిషిత వంతు వచ్చేసరికి ఆ పిల్ల కాగితం ఇవ్వకుండా చేతికింద పెట్టుకుంది. ఛాయాదేవి చెయ్యి చాపింది. తొమ్మిది.

“నీకు నువ్వే నైన్ ఇచ్చుకున్నావా?” అన్నాడు ఆర్యన్.

పిల్లలు నవ్వారు. కరుణ నవ్వలేదు. రిషిత మెడ దాకా ఎర్రబడింది.

అప్పుడు ఛాయాదేవి తన మార్కులు బోర్డు మీద వేసింది. విషయం తిన్నగా చెప్పినందుకు రెండుకి రెండు. ఆధారాలకి మూడుకి రెండు, ఎందుకంటే అన్నీ ఒకే పుస్తకంలోంచి తెచ్చాడు. ఎదుటివాళ్ళ వాదన చెప్పి జవాబిచ్చినందుకు రెండుకి అర, ఎందుకంటే వాళ్ళు చూపించే వాక్యాన్ని తలచుకున్నాడే గానీ, వాళ్ళ మాట పూర్తిగా వినలేదు. ముగింపుకి రెండుకి సున్నా. భాషకి ఒకటికి ఒకటి. మొత్తం ఐదున్నర. హాసిని చేత కూడిక సరిచూయించింది. ఆ తర్వాత పిన్ను తీసి, మడత విప్పి, చదివింది.

“ఎడ్వర్డ్. ఇంగ్లాండ్ రాజు. వయసు పదకొండు.”

అన్ని తలలూ ఒకేసారి రిషిత వైపు తిరిగాయి.

“యూ లయర్,” అన్నాడు ఆర్యన్.

“నేను రాశా అని చెప్పలేదు. జస్ట్ యా అన్నా,” అంది రిషిత.

“ఇంకొకళ్ళ పేపర్ తనదనడం మాల్‌ప్రాక్టీస్,” అంది ఛాయాదేవి, హాజరు పిలిచే గొంతుతో. “నీ తర్వాతి పేపర్ నేను దిద్దను. ఆ తర్వాతది దిద్దుతాను. కూర్చో.” అప్పుడు రాతప్రతి సంగతి చెప్పింది. పంతులు ప్రతి పేజీ దిద్దాడనీ, వాదనలన్నీ ఆ పిల్లవాడి చుట్టూ ఉన్న పెద్దల నోళ్ళలో అప్పటికే నానుతున్నవేననీ. “భాషకి నేనేసిన ఒక మార్కు ఆ అబ్బాయిదో పంతులుదో నాకు తెలీదు.”

“సో అతను కూడా కాపీ కొట్టాడా ఆంటీ?” అంది హాసిని.

“ఇంట్లో విన్నది రాశాడు. కాపీ కాదు. నమ్మి రాశాడు.” అని మిగతా కథ చెప్పింది. ఆ నమ్మకం పిల్లవాడితోపాటే పెరిగింది. పోప్ పక్షం వదలని అక్క మేరీతో, ఆమె ఇంట్లో జరిగే కాథలిక్ పూజ ఆపమని ఏళ్ళ తరబడి పోరాడాడు. పదిహేనో ఏట జబ్బుపడి, బతకనని తెలిశాక, అక్కకి సింహాసనం దక్కకుండా తన చేత్తోనే కాగితం రాశాడు. దాని ప్రకారం రాణి అయిన చుట్టాలమ్మాయి కొద్దిరోజులే నిలిచింది. చివరికి తల పోగొట్టుకుంది. సింహాసనం అక్కకే దక్కింది, పోప్ అధికారమూ ఆమెతో తిరిగొచ్చింది.

“అందుకేనా ముగింపుకి జీరో?” అడిగాడు ఆర్యన్.

“కాదు. ముగింపులో ఆధారం లేదు, తిట్టు ఉంది. అందుకు సున్నా. ఇప్పుడు చెప్పింది పేరు తెలిశాక కథ. దానికి మార్కుల్లేవు.”

క్లాసు అయ్యాక పెద్దలిద్దరూ ముందుకొచ్చారు.

“సైతాను కొడుకన్నోడికి ఐదున్నరేందండీ?” అన్నాడు జోజిరెడ్డి.

“ఐదున్నరేనా మేడం? ఆధారాలన్నీ బైబిల్లోవే గదా, దానికి మార్కెందుకు కట్ చేశారు?” అంది కరుణ.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. వారం మొత్తంలో వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది ఇక్కడొక్కచోటే: మార్కులు తప్పు. రిషిత మీద వేసిన నింద గురించి జోజిరెడ్డి ఒక్క మాట కూడా అనలేదు. కూతురి అబద్ధం గురించి కరుణా ఏమీ అనలేదు. కరుణ పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. జోజిరెడ్డి పార్కింగ్ దాకా వచ్చి, మొదట చెప్పిన ఆ ప్రశ్న అడిగాడు. అతనికి కావలసినది నిజానికి చాలా చిన్నది: ఆమె ఏదో ఒక వైపు ఉందని తెలిస్తే, కోపగించుకోవడమో క్షమించడమో, ఏదో ఒకటి చేసేవాడు. ఆమె బోర్డు దూర్చుకుంటూ ఉంది.

మరుసటి బుధవారం చర్చి ఆఫీసు నుంచి ఈమెయిల్ వచ్చింది. రాసినావిడ చాలా మర్యాదగా రాసింది. గదిలో జరుగుతున్నది ఫీజు తీసుకునే క్లాసు అని తమ దృష్టికి వచ్చిందనీ, బయటివాళ్ళు నడిపే క్లాసులకి ప్రమాదం జరిగితే నష్టపరిహారమిచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ పత్రం తప్పనిసరి అనీ, మైనర్లతో పనిచేసే పెద్దలు పిల్లల భద్రత ట్రైనింగ్ పూర్తిచేసి ఉండాలనీ, ఈ రెండూ లేవు కాబట్టి నెలాఖరుతో గది ఖాళీ చెయ్యాలనీ. పోప్ ప్రస్తావన లేదు. సైతాను ప్రస్తావన లేదు. ఎడ్వర్డ్ ఎవరో ఆవిడకి అక్కర్లేదు. జోజిరెడ్డి రాసిన మూడు పేరాల ఫిర్యాదులో ఆవిడ కన్ను ఆగింది నెలకి ఎనభై డాలర్లు కడుతున్నాము అన్న ఒక్క వాక్యం దగ్గర.

జోజిరెడ్డి ఫోన్ చేశాడు. గొంతులో నిజమైన కష్టం ఉంది.

“నేను పోప్ గారి గురించి రాస్తే వీళ్ళు ఇన్సూరెన్స్ గురించి రాశారేంది మేడం?”

“వాళ్ళు పేపర్ సరిగ్గానే చదివారండీ. మీరే ఆధారం ఎక్కువ ఇచ్చారు.”

అతను వెళ్ళి కమిటీని బతిమాలాడు. ఫాదర్‌ని కలిశాడు. ఇన్సూరెన్స్ కొటేషన్ తెప్పించి చూస్తే ఏడాది ఫీజులో పెద్ద ముక్క దానికే పోతుంది. గది పోయింది.

కరుణ ఇంకో దారి చూపించింది. తమ తెలుగు ప్రార్థన గుంపు కూడుకునే లూథరన్ చర్చికి బేస్‌మెంట్ ఉంది, వాళ్ళ ఇన్సూరెన్స్ కిందే నడుపుకోవచ్చు. పెద్దలు ఒప్పుకున్నారు. ఒక్కటే కోరిక. రాజుగారి పేపర్ గురించి వాళ్ళకీ తెలిసింది. దాన్ని అక్కడ మళ్ళీ క్లాసులో పెట్టాలి, ఈసారి మార్కులు కాస్త చూసి వెయ్యాలి.

“రీవాల్యుయేషన్‌కి స్టూడెంటే అప్లై చేసుకోవాలి కరుణా,” అంది ఛాయాదేవి.

“మేడం, ఆ అబ్బాయి చచ్చిపోయాడు.”

“అదే చెబుతున్నా.”

“మీతో పెట్టుకుంటే ఇంతే,” అని కరుణ ఫోన్ పెట్టేసింది.

నవంబర్‌లో క్లాసు జోజిరెడ్డి ఇంటి బేస్‌మెంట్‌కి మారింది. పిలిచింది అతనే, షరతుల్లేకుండా. పశ్చాత్తాపమని అతను అనలేదు, ఆమె అడగలేదు. ఆర్యన్ చదువు ఆగకూడదన్నది కారణంగా చెప్పాడు. గోడ మీద పోప్ ఫొటో ఒకటి పెద్దది ఉంది. తియ్యమంటారా అని అడిగాడు. బోర్డు పెట్టుకోవడానికి వేరే గోడ ఉందని ఆమె చెప్పింది. పద్నాలుగు మంది తొమ్మిది మందయ్యారు. మానేసిన ఐదుగురిలో ముగ్గురి తల్లిదండ్రులు హిందువులు. ఈ గొడవతో వాళ్ళకి ఏ సంబంధమూ లేదు, డ్రైవింగ్ దూరమైందన్నారు. శనివారాలు వీధిలో కార్లు ఎక్కువవుతున్నాయని పక్కింటివాళ్ళు ఒకసారి ఫిర్యాదు చేశారు. అది రెండోసారి రాకుండా పిల్లల్ని మూలమలుపు దగ్గర దింపుతున్నారు.

రిషిత నెల్లాళ్ళు రాలేదు. డిసెంబర్‌లో వచ్చింది. కరుణ మలుపు దగ్గర కారు ఆపుతుంది, దిగదు. వచ్చిన రోజున రిషిత ఇచ్చిన ఎస్సేని ఛాయాదేవి చెప్పినట్టే దిద్దకుండా పక్కన పెట్టింది. ఆ తర్వాతదానికి ఐదు వేసింది. అందరి పేపర్ల మీదా ఇప్పుడు నంబర్లే ఉంటున్నాయి కాబట్టి, ఎవరిదో తెలియకుండానే వేసింది.

తొమ్మిది మంది ఫీజుతో సరిపోవట్లేదు. శుక్రవారం, ఆదివారం గ్రోసరీలో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆమె మళ్ళీ కనిపిస్తోంది. జోజిరెడ్డి అక్కడికే వచ్చి చర్చివాళ్ళ సంగతి కనుక్కుంటానని ప్రతిసారీ చెబుతాడు. గది తాళంచెవి ఆమె నవంబర్ ఒకటిన తిరిగి ఇచ్చేసింది. డిపాజిట్ రెండువందల యాభై డాలర్లు ఇంకా రావాలి.